మా దీపం ఆర్పిన బ్యాటరీ ఆయప్ప

ఆయుధపూజ నాడు, బుధవారం, సాయంత్రం అయిదు గంటలా నలభై నిమిషాలకు ఆయప్ప మా ఇంట్లో దేవుడి దీపం ఆర్పినాడు. గడియారం చూసే చెప్తున్నాను. అయిదూముప్పావుకు హారతి ఇవ్వాలని నేనే అనుకొని, గోడ గడియారం మీద కన్నేసి కూర్చోనుండాను. ఇంకా అయిదు నిమిషాలుండె.

ఆ మనిషి పోయినాడని నాకు పోయిన వారమే తెలిసింది. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు తగ్గినాయని మా కొడుకు మురళి అంగడికి ఫోన్ చేస్తే ఎవరో కొత్తాయన వచ్చినాడు. "ముందర వచ్చే మేస్త్రీ యాడప్పా?" అని నేను అడగలేదు. మా ఆయన అడిగినాడు. "వానాకాలంలోనే పోయినాడు సార్. గుండెనొప్పి," అని కొత్తాయన చెప్పి, నీళ్ళ క్యాను మూత తిప్పుకున్నాడు. నేను లేచి వంటింట్లోకి పోయినాను. అక్కడ నాకు పనేమీ లేదు. ఊరికే పోయి నిలబడినాను.

మాది బళేపేట వెనక సందు. కిటికీలోంచి చెయ్యి చాపితే ఎదురింటి గోడ తగులుతాది. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల. ఇట్లాంటి ఇంట్లో కరెంటు పోతే పగలూ రాత్రీ అని లేదు, గుడ్డితనమే. అందుకే ఇన్వర్టరు పెట్టించినాము. దాంతోపాటే ఆయప్ప వచ్చినాడు. ఆయప్ప అంటే పేరు కాదు, ఆ మనిషి అనేదానికి మా దిక్కు మాట. మూడు నెలలకొకసారి బ్యాటరీకి నీళ్ళు పోసి పోయేవాడు. ఊరు చింతామణి దిక్కు. తెలుగులో మొదలుపెట్టి కన్నడలో ముగించేవాడు.

మొదటి రోజే ఆయప్ప మీద నాకు అనుమానం వచ్చింది. మనిషిని తిన్నగా చూడడు. కోడి మెడ తిప్పి ఒక కంటితో చూసినట్ల పక్కనుంచి చూస్తాడు. కాఫీ లోటా ఇస్తే దాన్నీ అట్లనే చూస్తాడు. దొంగచూపు అనుకున్నాను. మా ఆయనతో అన్నాను కూడా, "వెండి గ్లాసులు లోపల పెట్టండి" అని. బ్యాటరీ మూత తీసేటప్పుడు మొగం దాని మీదికి వంచకూడదని, ముప్పై ఏండ్లు అట్ల చూసి చూసి మెడ అట్లనే నిలిచిపోయిందని తర్వాత తెలిసింది. చేతికి ఉంగరం లేదు, గడియారం లేదు, మొలతాడుకు తాయెత్తు కూడా లేదు. బ్యాటరీకి ఏ లోహం తగిలినా నిప్పురవ్వ లేస్తాదంట. చొక్కా నిండా యాసిడ్ తిన్న బెజ్జాలు. భుజాన తడి తువ్వాలు. జేబులో పొట్లం కట్టిన సోడాపొడి. దాంతో చేతులు కడుక్కుంటేగానీ కాఫీ ముట్టడు. ముట్టినాడంటే రెండు లోటాలు.

వచ్చిన వెంటనే చేసే పని ఇంకోటుండె. ఇన్వర్టరు ఆపి, మెయిన్ దించేసేవాడు. చెప్పేది లేదు, అడిగేది లేదు. ఇల్లంతా ఒక్కసారి చీకటి. ఆ చీకట్లో ఆయప్ప గొంతు.

"అమ్మా, అగ్గిపెట్టె యాడుండాది?"

"స్టవ్వు పక్కన."

"తీసుకురా."

పోయినాను. మోకాలు గ్రైండరుకు కొట్టుకునింది. అగ్గిపెట్టె దొరకలేదు.

"అన్నా, టార్చి?"

"బీరువాలో ఉండాదప్పా," అన్నాడు మా ఆయన.

"బీరువా తాళం?"

మా ఆయన చీకట్లో తడుముకుంటా వెతకతాండాడు.

"తాళం వెతికేదానికి టార్చి కావాల, టార్చి తీసేదానికి తాళం కావాల. బాగుండాదన్నా మీ సంసారం."

నాకు ఒళ్ళు మండింది. "నీళ్ళు పోసి పోవయ్యా అంటే మాకు పరీక్షలు పెడతావేం?" అన్నాను.

"కరెంటు ఉన్నప్పుడే చీకటి నేర్చుకోవాలమ్మా. పోయినాక నేర్చుకుంటే కాళ్ళిరుగుతాయి."

ఆ పొద్దే పడకింటి తలుపు పక్కన మేకు కొట్టి, టార్చికి దారం కట్టి తగిలించినాడు. అగ్గిపెట్టెకు వంటింట్లో ఒక గూడు చెప్పినాడు. మళ్ళా వచ్చినప్పుడు మెయిన్ దించి మళ్ళా అడిగినాడు. ఈసారి నేను తడుముకోకుండా తెచ్చి చేతిలో పెట్టినాను. శభాష్ అనలేదు. "ఊ" అన్నాడు, అంతే.

మా మేడమీద హారిక అని గుంటూరు పిల్ల అద్దెకుంటాది. వారానికి రెండు రోజులు మారతహళ్ళి ఆఫీసుకు పోతాది, మిగతా రోజులు ఇంట్లోనే కంప్యూటరు పని. నాకు అరవై దాటినాక అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే. ఆమె దగ్గర కరెంటు పోతే వెలిగించేదానికి గాజు గిన్నెల్లో వాసన కొవ్వొత్తులుండె. ఆయప్ప ఒకటి తీసి, పక్కనుంచి చూసి, "ఇది దీపమా తల్లీ, అత్తరా?" అన్నాడు.

"మంచి స్మెల్ వస్తుందంకుల్. స్ట్రెస్ తగ్గుద్ది."

"కర్టెన్ అంటుకుంటే అదీ తగ్గుతాది."

ఆ పిల్ల నవ్వి చార్జింగ్ లైటు చూపించింది. కొన్నప్పటి డబ్బాలోనే ఉండాది. నొక్కితే వెలగలేదు. "వాడని దీపం చచ్చిన దీపం. నెలకోసారి వెలిగించు, మళ్ళా చార్జి పెట్టు. దానికీ పని కావాల, మనుషుల మాదిరే," అన్నాడు. మెట్ల మీదికి మాత్రం నీళ్ళ ట్యాంకు పైన ఎండలో పెట్టే సోలార్ లాంతరు ఒకటి తెప్పించినాడు. సూర్యుడికి కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్ లేదంట.

అన్ని దీపాల్లోకీ ఆయప్పకు నచ్చనిది ఒక్కటే. మా దేవుడి దీపం. దీపం కాదు, దాని చోటు.

మా ఇల్లు చిన్నది. దేవుడి మందిరం చేయించేటప్పుడు వడ్రంగి కింద చెక్క అలమర కట్టి, ఇన్వర్టరూ బ్యాటరీ అందులో పెట్టుకోండి, చోటు కలిసొస్తాది అన్నాడు. పైన దేవుడు, కింద కరెంటు. నాకు బాగనే ఉండె. ఆయప్ప మొదటిసారి చూసి తల పట్టుకున్నాడు.

"అమ్మా, బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు గాలి వదులుతాది. అది అంటుకునే గాలి. నువ్వు దాని నెత్తిన దీపం పెట్టినావు."

"దేవుడి దీపం అంటుకోదులే అప్పా."

"అగ్గికి దేవుడిదని తెలీదమ్మా."

వచ్చినప్పుడల్లా ఇదే గొడవ. అలమర జరపమంటాడు, యాడికి జరిపేది అంటాను. కడాకు ఒకనాడు ఎర్ర రంగు డబ్బా తెచ్చి అలమర తలుపు మీద అరచేయంత అక్షరాలతో రాసినాడు: నిప్పు వద్దు. "బ్యాటరీ మీద ఇంగ్లీషులో ఉండాది, నీకు రాదు. ఇది వస్తాది కదా, చదువు," అన్నాడు. కూడబలుక్కోని చదివినాను. దేవుడి కాళ్ళ కింద ఆ మాటేంది అనిపించి, ఆయప్ప సందు మలుపు తిరగకముందే దాని మీద లక్ష్మీదేవి పటం అంటించినాను. చదువు రాక చేసిన తప్పని ఎవరైనా అంటారేమో. కాదు. చదివి చేసిన తప్పు.

ఇంక ఆ బుధవారం సంగతి.

మా కోడలు సుకన్యకు అప్పుడు అయిదో నెల. అంతకుముందు రెండు పోయినాయి, రెండూ నాలుగో నెల దాటకుండానే. ఈసారి నిలిస్తే చాలు తల్లీ అని దసరా పాడ్యమి నాడు అఖండదీపం పెట్టినాను. తొమ్మిది దినాలు కొండెక్కకూడదు. నేనూ మా ఆయనా వంతులేసుకొని నూనె పోసినాము. ఆ దీపమే సుకన్య కడుపు అన్నట్ల చూసుకున్నాను. ఎనిమిది దినాలు గడిచినాయి. ఆ పొద్దు తొమ్మిదోది. తెల్లారితే మొక్కు తీరుతాది.

ముందు రోజు మా సందు ట్రాన్స్‌ఫార్మర్ పోయి కరెంటు లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. పూజనాడు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది, పోయింది, మళ్ళా వచ్చింది. ఈ బ్యాటరీ దసరా దాటదు, మార్చుకోండి అని ఆయప్ప ముందే చెప్పినాడు. పండగ కానీలే అన్నాము.

ఆయుధపూజ అంటే ఈ ఊర్లో కత్తిపీట మొదలు లారీ దాకా అన్నిటికీ బొట్టు పడాల్సిందే. నేను కత్తిపీటకు పెట్టినాను, కుట్టుమిషనుకు పెట్టినాను. అలమర తెరిచి బ్యాటరీకీ పెట్టినాను. పెట్టేది ఏదో ఒక చుక్క పెట్టకూడదా? ఆరు మూతలుండె. ఆరింటికీ పసుపు ముద్ద గట్టిగా అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, పైన చామంతులు పరిచినాను. ఆ మూతలకు సూదిమొనంత బెజ్జాలుంటాయి, బ్యాటరీ ఊపిరి వదిలేది అక్కణ్ణించే అని ఆయప్ప నాకు చూపించినాడు కూడా. పండగ సంబరంలో గుర్తు రాలేదు. తలుపులు మూసి, కొత్త రవికె గుడ్డ తెరమాదిరి కట్టినాను.

సుకన్య ఆ తలుపుకు వీపు ఆనించి, పీట మీద కూర్చొని పూలు కడతాండాది. మా ఆయన కర్పూరం పళ్ళెంలో పెడతాండాడు. హారిక ఫోటోలు తీస్తాండాది. మురళి గాజుల అంగట్లో పూజ చేస్తాండాడు. కోడిగుడ్డు మురిగినట్ల ఒక వాసన వచ్చింది. మురుగునీళ్ళ మోరీ వాసన అనుకొని ఇంకో రెండు ఊదుబత్తులు వెలిగించినాను.

అప్పుడొచ్చినాడు. పండగకు బొరుగులు, బెల్లం, గుమ్మడికాయ ముక్క తీసుకొనిపోయేదానికి. గడప దగ్గరే నిలబడిపోయినాడు. కాలు లోపల పెట్టలేదు.

"రాప్పా, హారతికి సరిగ్గా వచ్చినావు," అన్నాను.

ఆయప్ప ముక్కు ఎగబీల్చినాడు. చెవి ఒకపక్కకు పెట్టి విన్నాడు. మాకెవరికీ వినపడలేదు.

"ఉడుకుతాండాది," అన్నాడు చిన్నగా. "ఎవరూ అగ్గిపుల్ల గీకద్దండి. ఎవరూ స్విచ్చి ముట్టద్దండి. తల్లీ, నువ్వు లెయ్. చిన్నగా లెయ్. తలుపు లాగొద్దు. బయటికి వచ్చెయ్."

సుకన్య నా మొగం చూసింది. అత్త చెప్పకుండా పూజలోనుంచి ఎట్ల లేస్తాది? నేను "కూర్చో" అన్నాను. అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

"అమ్మా, దీపం ఆర్పాల."

"ఏమన్నావు?"

"ఆర్పాలమ్మా. అలమర నిండా గాలి చేరుండాది. ఇప్పుడు తలుపు తెరిస్తే పైనున్న దీపాన్ని తగులుకుంటాది. తెరవకపోతే లోపల ఇంకా నిండుతాది. ముందు దీపం, తర్వాత తలుపు."

"ఎనిమిది దినాలనుంచి వెలుగుతాండాది, ఏమీ కాలేదే!"

"ఎనిమిది దినాలు మూతలకు పసుపు లేదు, తలుపుకు తెర లేదు." తెర పక్కన రాలిన పసుపు ఆయప్ప అప్పటికే చూసినాడు.

హారిక ఫోన్ దించేసింది. "అంకుల్, మెయిన్ ఆఫ్ చేసేద్దామా?"

"వద్దు! కరెంటు తీస్తే ఇన్వర్టరు లోపల టక్ మంటాది. ఆ టక్కులో రవ్వ ఉంటాది. అది చాలు."

"మరి కరెంటు దానంతట అదే పోతే?" అన్నాడు మా ఆయన.

"పోకూడదన్నా."

ఆ మాటకు సరిగ్గా ట్యూబులైటు ఒకసారి కొట్టుకునింది. ఆరింది, వెలిగింది. రెండు దినాలు కరెంటు రావాలని మొక్కిన మనుషులం, ఆ క్షణం అది ఎక్కడ పోతాదో అని ఊపిరి బిగబట్టినాము. అయినా నేను దీపానికి అడ్డంగా నిలబడినాను.

"ఇది నా కోడలి కడుపు దీపం. రేపు తెల్లారితే మొక్కు తీరుతాది. దీన్ని ఆర్పేదానికి నువ్వెవరప్పా? ఇంకో వత్తి దీంట్లో వెలిగించి బయట పెట్టుకుంటా, ఉండు."

"కదిలే నిప్పు ఇంకా ప్రమాదమమ్మా. టైమ్ లేదు."

"నా ప్రాణం పోయినా ఆర్పనియ్యను."

ఆయప్ప అప్పుడు నన్ను తిన్నగా చూసినాడు. "అమ్మా, నీ కోడలి కడుపు ఆ దీపంలో లేదు. ఆ తలుపుకు ఆనుకోనుండాది."

మా ఆయన ఇంట్లో ఎప్పుడూ గొంతెత్తడు. ఆ పొద్దూ ఎత్తలేదు. "సుకన్యా, లెయ్యమ్మా," అన్నాడు. ఆమె పీట పట్టుకొని లేచింది. ఒళ్ళోని పూలు జారినాయి. వంగి తీయబోయింది. "పూలు ఉండనీ!" అని అరిచినాడు ఆయప్ప. అరిచింది అదొక్కటే. హారిక ఆమె చెయ్యి పట్టుకొని వీధిలోకి తీసుకొనిపోయింది.

నేను చూస్తూండగానే ఆయప్ప చెప్పులు విడిచి లోపలికి వచ్చినాడు. నన్ను ముట్టలేదు. నా పక్కనుంచి చెయ్యి చాపి, భుజం మీది తడి తువ్వాలు దీపం మీద వేసినాడు. పువ్వుతో కొండెక్కించలేదు, పాలచుక్క వేయలేదు. యాసిడ్ తువ్వాలు. చుయ్ మనింది. నూనె పొగ వాసన. ఊదుబత్తులు కూడా అదే తువ్వాలులో నలిపేసినాడు.

"పాపం నాకు రానీ," అన్నాడు. "నువ్వు బయటికి పో."

కిటికీలన్నీ తెరిచినాడు. మమ్మల్ని రెండిండ్ల అవతలి గోడ దాకా తరిమి, అప్పుడు ఒక్కడే అలమర తలుపులు తీసినాడు. తీసి, తానూ వచ్చి మాతో నిలబడినాడు. గాలి పోయేదాకా లోపలికి ఎవరూ పోకూడదన్నాడు. సందులో ఇంటింటా గుమ్మడికాయలు పగలగొడతాండారు. ఒక్కొక్క కాయ పగిలినప్పుడల్లా ఆయప్ప భుజాలు ఎగిరిపడతాండాయి. సుకన్య రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకోనుండాది. ఆ చేతులనే చూస్తాండాను.

ఆరున్నర కాకముందే కరెంటు పోయింది. సందు సందంతా ఒక్కసారి చీకటి. మా ఇంట్లోనుంచి వినపడింది: టక్.

ఏమీ కాలేదు. మా ఇంట్లో మాత్రం లైట్లు వెలిగినాయి. చుట్టూ అంతా చీకటి, మనుషులు లేని మా ఇల్లు ఒక్కటే వెలుగుతాండాది. ఆయప్ప గోడకు చేరగిలపడి కూర్చున్నాడు.

"పేలలేదు కదా," అన్నాను నేను.

"తలుపులు తెరిచినాం కదమ్మా."

"ఆర్పకపోయినా పేలేది కాదేమో."

"పేలకుండా చూసేదే నా పని. పేలినాక నేనొచ్చి ఏం చేసేది?"

తర్వాత బయటే వెలిగించుకున్న టార్చి పట్టుకొని పోయి, ఇన్వర్టరు ఆపి, వైర్లు విప్పి, బ్యాటరీ బయటికి లాగించినాడు. దాని పక్కలు ఉబ్బుండె. చూసినాను, చూడనట్లే ఉన్నాను. ఆరిపోయిన ప్రమిదె ఒక్కటే నా కంటికి కనపడతాండాది. ఆయప్ప చేతులు కడుక్కోకముందే చెప్పినాను, "ఇంక మా గడప తొక్కద్దప్పా. ఈ బిడ్డకు ఏమైనా అయితే నీదే."

ఆయప్ప సోడాపొడి పొట్లం మళ్ళా జేబులో పెట్టుకున్నాడు. సుకన్య నా వెనకనుంచి పోయి బొరుగులు ఇచ్చింది. రెండు చేతులూ పట్టి తీసుకొని, సందులో నడుచుకుంటా పోయినాడు. మళ్ళా రాలేదు.

తర్వాత నాలుగు నెలలు నేను పడింది నాకే తెలుసు. సుకన్య మెట్టు దిగితే భయం, తుమ్మితే భయం. ఏడో నెలలో డాక్టరు ఉమ్మనీరు తగ్గిందంటే వాడి తువ్వాలే అని ఇంట్లో తిట్టినాను. ఆ పొద్దు సుకన్య అడిగింది.

"అత్తా, ఆయన్ని తిట్టొద్దు. ఒక మాట చెప్తే కోప్పడవు కదా?"

"చెప్పు."

"ఆ పొద్దు అలమర తలుపు వెచ్చగా ఉండె. నాకు నడుము నొప్పి కదా, కాపడం పెట్టినట్ల హాయిగా ఉండె. అందుకే గట్టిగా ఆనుకొని కూర్చున్నా. పోనుపోనూ కాలతాండె. పూజలో ఎట్ల లేచేది అని చెప్పలేదు."

నేను చేతిలోని చేట కింద పెట్టినాను. అప్పుడు అర్థమయింది. తలుపు కాలేదాకా లోపల ఉడుకుతాంటే, దానికి ఆనుకొని నా మొగం చూసిన పిల్లను నేను కూర్చో అన్నాను.

మాఘమాసంలో ఆడపిల్ల పుట్టింది. మూడు కేజీలకు కొంచెం తక్కువ. ఆసుపత్రిలోనే మురళి అన్నాడు, "బ్యాటరీ మేస్త్రీకి చెప్దామా అమ్మా?" పేరు పెట్టేనాడు చెప్దాంలే అన్నాను. పేరు పెట్టినాము, చెప్పలేదు. బిడ్డ బోర్లా పడినప్పుడు అనుకున్నాను, వాన తగ్గనీలే అని. తీరిక లేక కాదు, మొగం చెల్లక. ఏమని పిలిచేది? గడప తొక్కద్దన్న నోటితోనే రమ్మని పిలవాల. ఆ ఒక్క మాట దాటలేక వానాకాలం దాటించినాను. ఆ వానాకాలంలోనే ఆయప్ప పోయినాడు.

ఆయప్ప అసలు పేరు ఆయప్ప బతికుండగా నాకు తెలీదు. మొన్న కొత్తాయన చెప్పినాడు. అప్పుడు అడగని పేరు, పోయినాక రాసేదానికి నాకు హక్కు లేదు. అందుకే రాయలేదు.

మిగతావాళ్ళవి రాస్తాను. ఆ బుధవారం అయిదూ నలభైకి కాస్త ముందు మా ఇంట్లో ఉన్నవాళ్ళు: నేను, ఓబుళమ్మ. మా ఆయన రంగయ్య, ఈ పేరు నోటితో ఎప్పుడూ పలకలేదు, రాయడం ఇదే మొదలు. మేడమీద హారిక. కోడలు సుకన్య. గడప అవతల బ్యాటరీ ఆయప్ప. ఆ వెచ్చటి తలుపుకు జానెడు దూరంలో, వాళ్ళమ్మ కడుపులో, మా భువన.